పులిపిర్లలోకి ఎంఎంఆర్ టీకా ఎక్కించుకోవచ్చా?

ఇంటర్ చదివే మీ అబ్బాయికి అరికాలిలో, వేళ్ల మీద పులిపిర్లు కాల్పించినా మళ్ళీ వచ్చాయని, ఇప్పుడు డాక్టరుగారు పులిపిరిలోకే ఎంఎంఆర్ టీకా (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసేది) ఎక్కిద్దామంటున్నారని, దానికంటే హెచ్‌పీవీ అనే వైరస్‌కి వేసే టీకా నయం కదా అని అడిగారు. నేను ఆ ఎంఎంఆర్ ఇంజెక్షన్లు చేయించుకున్నాను, నాకు తగ్గాయి కూడా, అందుకని ధైర్యంగా చేయించమనే చెప్తాను.

పులిపిర్లకి కారణం హెచ్‌పీవీనే, కాదనను. కానీ అందులో 200కు పైగా రకాలున్నాయండి. కాళ్లకీ చేతులకీ వచ్చేవి ఎక్కువగా 1, 2, 4, 27, 57 రకాలు. మన దగ్గర తయారయ్యే హెచ్‌పీవీ టీకా సెర్వావాక్‌లో ఉన్నవి 6, 11, 16, 18. గార్డసిల్ 9 అనే ఇంకో హెచ్‌పీవీ టీకాలో వీటికి తోడు 31, 33, 45, 52, 58. ఒక్కటీ కలవదు చూడండి. అయినా ఆ టీకాతో మొండి పులిపిర్లు తగ్గాయని డాక్టర్లు రాసిన కేసులున్నాయి, 2018లో మయామి యూనివర్సిటీ డాక్టర్లయితే 90 దాటిన ఒకావిడ కాలి మీది చర్మ క్యాన్సర్ గడ్డల్లోకే గార్డసిల్ ఎక్కిస్తే అవి కరిగాయని రాశారు. అదంతా ఒక్కొక్కరి కేసు. ఆ టీకా క్యాన్సర్లు రాకుండా ముందే కాపాడేది, అబ్బాయికి అందుకోసం వేయించండి, పులిపిర్ల కోసం కాదు.

ఎంఎంఆర్ పనిచేసే తీరు వేరు. పులిపిరి వైరస్ చర్మం పైపొరల్లోనే ఉండిపోతుంది, రక్తంలోకి రాదు, కాబట్టి ఒంట్లోని రక్షణ కణాలు దాన్ని పెద్దగా పట్టించుకోవు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మాత్రం ఒంటికి పాత శత్రువులే, అవి పులిపిరిలో కనబడగానే ఆ కణాలు గుంపుగా వచ్చిపడి అక్కడే నక్కి ఉన్న హెచ్‌పీవీనీ పట్టేస్తాయి. నాకు మడమ మీది పెద్దదాంట్లోనే ఎక్కించారు, గోరు పక్కవి సూది తగలకుండానే ఎండి రాలిపోయాయి, మడమ మీద చర్మం గీతలు మళ్ళీ మామూలుగా కనబడ్డాయి.

నొప్పి మాత్రం ఉంటుంది, దాచను. అరికాలి చర్మం మందం కదా, మందు దిగేటప్పుడు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ రాత్రి కాస్త జ్వరం, వాపు రావచ్చు, నాకు పారాసిటమాల్‌తో తగ్గింది. మామూలుగా రెండు మూడు వారాలకోసారి, ఐదు సార్ల వరకూ వేస్తారు, మొదట్లో ఏ మార్పూ కనబడదు, చాలామంది అక్కడే విసిగి మానేస్తారు. మీరు మానొద్దు. అందరికీ పూర్తిగా పోతాయని మాత్రం చెప్పలేం.

ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. గర్భిణులకి, కీమో తీసుకుంటున్నవాళ్లకి, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లకి, అవయవ మార్పిడి అయినవాళ్లకి వేయకూడదు, బాబు ఏ మందులు వాడుతున్నా ముందే చెప్పండి. ఈలోగా సున్నం పెట్టడం, బ్లేడుతో గీకడం చేయనివ్వకండి, పక్కకి పాకుతాయి. తువ్వాలు, చెప్పులు వేరుగా ఉంచండి. ఇంజెక్షన్ రోజు ఖాళీ కడుపుతో తీసుకెళ్లొద్దు, నొప్పికి కళ్లు తిరగొచ్చు.