పెట్టె మీది మాటలు

ప్రశ్న: కొత్త బ్లెండర్ పెట్టె మీద ‘3 హెచ్‌పీ’ అని పెద్దక్షరాల్లో ఉంది. ధర 750 వాట్ల మిక్సీకి నాలుగింతలు. బలం కూడా అంత ఉంటుందా?

జవాబు: ఉండదు. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు. ఆ లెక్కన 3 హెచ్‌పీ అంటే 2,238 వాట్లు కావాలి. మిషన్‌ను బోర్లించి అడుగున అతికించిన రేటింగ్ ప్లేటు చదవండి. అక్కడ 1,200 వాట్లు అని ఉంటే మోటారు లాగే కరెంటు అంతే. అందులోనూ కొంత వేడికీ మోతకూ పోగా మిగిలిందే బ్లేడుకు చేరుతుంది. పెట్టె మీద వేసింది ‘పీక్’ అంకె. మోటారు అందుకునే క్షణంలోనో, బ్లేడు ఇరుక్కుపోయినప్పుడో లాగే కరెంటును బట్టి కట్టిన లెక్క అది. ఆ స్థాయిలో కాసేపు నడిస్తే మోటారులోని తీగచుట్ట (వైండింగ్) మాడిపోతుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ప్లేటు మీదో, మాన్యువల్‌లోనో ఆగకుండా ఎన్ని నిమిషాలు నడపవచ్చో ఉంటుంది. పోల్చాల్సింది దాన్ని.

పాత మిక్సీ పనైపోయిందని కొత్తది కొంటున్నారా? మోటారు గిర్రున తిరుగుతూ బ్లేడు మాత్రం కదలకపోతే పోయింది మోటారు కాదు. మోటారునూ జారునూ కలిపే కప్లర్ పళ్లు అరిగాయి. ప్లగ్గు తీసేసి, అడుగున షాఫ్టును కదలకుండా పట్టుకుని, మర ఉన్న రకమైతే కప్లర్‌ను మోటారు తిరిగే దిక్కుకే తిప్పండి, ఊడుతుంది. నడిచేటప్పుడు దానంతటదే బిగుసుకునేలా మర కోస్తారు. ఇది తెలియక ఎదురు తిప్పి ఇంకా బిగించేసి, చివరికి విరగ్గొట్టేవాళ్లే ఎక్కువ. కొత్త కప్లర్ కొనేముందు పాతదాని పళ్లు లెక్కపెట్టుకోండి.

ప్రశ్న: వెల్లుల్లి నలిపే ప్రెస్సు కొనడం దండగేనా?

జవాబు: రుచిని బట్టి చెప్పాలి. వెల్లుల్లిలోని అల్లిన్ అనే పదార్థం, అల్లినేజ్ అనే ఎంజైమ్ కణం తెగేదాకా వేరువేరుగా ఉంటాయి. తెగాక కలిసి ఘాటైన అల్లిసిన్ పుడుతుంది. ప్రెస్సు ఎక్కువ కణాలను చిదుముతుంది కాబట్టి ఘాటు ఎక్కువ, పల్చగా తరిగితే తక్కువ. రంధ్రాల్లో ఇరుక్కున్న పీచు ఎండితే రాదు, కాబట్టి వాడిన వెంటనే కడగాలి. ముద్ద మాత్రమే కావాలంటే రెబ్బను కత్తి వెడల్పుతో అదిమి, చిటికెడు ఉప్పు చల్లి రాస్తే చాలు. వేళ్లలో పట్టు తగ్గినవాళ్లకు పొడుగు పిడి ఉన్న ప్రెస్సు నిజంగా పనికొస్తుంది. ‘పనికిరాని వస్తువుల’ జాబితాలు రాసేవాళ్లు వీళ్లను మరిచిపోతుంటారు.

ప్రశ్న: సొంత ప్యాకెట్లు తప్ప ఇంకేమీ పట్టని యంత్రాలు కొనవచ్చా?

జవాబు: ఆ ప్యాకెట్‌ను చేత్తో పిండి చూసి కొనండి. జూసెరో అనే అమెరికా కంపెనీ 2016లో 699 డాలర్లకు రసం యంత్రం అమ్మింది. 2017 ఏప్రిల్‌లో బ్లూమ్‌బర్గ్ విలేకరులు అదే ప్యాకెట్‌ను చేత్తో పిండి దాదాపు అంతే రసం తీశారు. సెప్టెంబరుకల్లా కంపెనీ అమ్మకాలు ఆపేసింది.

ప్రశ్న: ఒక స్లైసర్ పెట్టె మీద ‘ఒక్క బొమ్మ వెయ్యి మాటల పెట్టు: చైనా సామెత’ అని అచ్చేశారు. నిజంగా చైనాదేనా?

జవాబు: కాదు, అమెరికా ప్రకటనలది. ఫ్రెడ్ బర్నార్డ్ అనే ప్రకటనల మనిషి 1921లో ‘ప్రింటర్స్ ఇంక్’ పత్రికలో ‘ఒక్క చూపు వెయ్యి మాటల పెట్టు’ అని వేసి, జపాన్ తత్వవేత్త మాట అన్నాడు. 1927లో అదే పత్రికలో ‘ఒక్క బొమ్మ పదివేల మాటల పెట్టు’ అని వేసి, చైనా లిపి జోడించి, చైనా సామెత అన్నాడు. ఆరేళ్లలో దేశం మారింది, మాటలు పదింతలయ్యాయి! అతను అమ్మబోయింది ట్రాముల్లో బొమ్మల ప్రకటనలు. హెచ్‌పీ అంకెకూ దీనికీ పెద్ద తేడా లేదు.

చైనా భాషలో నిజంగా ఉన్న మాట వేరు: ‘వందసార్లు విన్నా ఒక్కసారి చూసినట్టు కాదు’. హాన్ వంశ చరిత్రలో జావో చోంగ్‌గువో అనే సేనాని చక్రవర్తితో అంటాడు, సరిహద్దుకు స్వయంగా వెళ్లి చూసి వస్తానని చెబుతూ. అందులో బొమ్మ ఊసే లేదు.

ప్రశ్న: మా సంఘం వంటల పుస్తకంలో అధ్యాయానికొక విదేశీ సామెత పెడుతున్నాం. తప్పులు రాకుండా ఎలా?

జవాబు: మూల భాషలో వాక్యం దొరికిందా అని మొదట చూడండి. దొరకకపోతే దేశం పేరు తీసేయండి. ‘ఆఫ్రికా సామెత’ అని అసలు రాయకండి. అది యాభైకి పైగా దేశాల ఖండం. అక్కడి ఏ భాషది, స్వాహిలీదా, యోరుబాదా, అకాన్‌దా అన్నది తేల్చాలి. తరువాత అచ్చులో మొదట కనబడిన సంవత్సరం వెతకండి. ‘చీకటిని తిట్టేకన్నా దీపం వెలిగించు’ అన్నదాన్ని చైనా ఖాతాలో వేస్తుంటారు గానీ, అది విలియం వాట్కిన్సన్ అనే మతబోధకుడి ప్రసంగంలో 1907లో అచ్చయింది. ఒకే సామెత ఒకచోట చైనాది, ఇంకోచోట అరబ్బులది, మరోచోట ‘ప్రాచీన’ది అని కనిపిస్తే అనుమానించండి. ఏమీ తేలనప్పుడు ‘ఎవరిదో తెలియదు’ అని రాస్తే పుస్తకం పరువేమీ పోదు.

ప్రశ్న: ఎయిర్ ఫ్రయర్‌లో ముక్కలు కరకరలాడడం లేదు.

జవాబు: బుట్ట నింపేస్తున్నట్టున్నారు. అది పైన కాయిల్, ఫ్యాన్ ఉన్న చిన్న ఓవెన్. ముక్కల మధ్య గాలి ఆడకపోతే ఆవిరి అక్కడే నిలిచి మెత్తబడతాయి. గుడ్డతో తడి అద్ది, ఒకే వరుసగా పరచి, సగం సమయంలో బుట్ట కుదపండి. ఫ్యానున్న ఓవెన్ ఇంట్లో ఇప్పటికే ఉంటే దాన్నే వాడండి.