వెంబడించాలా, అనుసరించాలా, వెంట ఉండాలా?

సందేహం: మాస్టొడాన్ అనే సామాజిక మాధ్యమంలో కొత్తగా చేరేవాళ్ళ కోసం తెలుగులో చిన్న కరదీపిక రాస్తున్నాను. “చేరిన మొదటి రోజే కనీసం ముప్పైమందిని అనుసరించండి” అని రాస్తే, చదివిన మిత్రుడు అది సంస్కృతమనీ “వెంబడించండి” అనాలనీ అన్నారు. మా అమ్మాయి రెండూ వద్దు, “ఫాలో అవ్వండి” అంటే చాలంది. ఏది ఒప్పు? ఫాలోయర్లను “అనుచరులు” అనవచ్చా? పోస్టు, బూస్టు, మ్యూటు వంటివాటికి కూడా మాటలు చెప్పగలరు.

సమాధానం: మీ అమ్మాయి సంగతి ముందు తేల్చేస్తాను, అది చిన్నది. “ఫాలో”కు “అవు” తగిలించి క్రియ చేసుకున్నాం. అవు అకర్మకం. అయినా “ఆయన్ని ఫాలో అవుతున్నాను” అంటూ దానికో కర్మను అంటగడుతున్నాం. పోస్ట్ చేయి, బ్లాక్ చేయి అన్నచోట ఈ తంటా లేదు, చేయి సకర్మకం కాబట్టి. “ఆయన్ని ఫాలో అవు”, “నిన్ను మిస్ అవుతున్నాను” మాత్రం ఒంటికాలి మీద నిలబడ్డ వాక్యాలు. జనం నోట నానిపోయాక కాదనడానికి నేనెవర్ని? “ఫాలో కొట్టండి” అని మాత్రం రాయకండి. కొట్టడానికి మనకు డబ్బా ఒక్కటి చాలు.

ఇక మీ మిత్రుడి “వెంబడించు”. మాట అచ్చంగా మనదే, అందులో సందేహం లేదు. దీని ఊపిరంతా వెన్ను దగ్గర ఉంది. పన్ను – పంట, కన్ను – కంట, మిన్ను – మింట అయినట్టే వెన్ను – వెంట. “కంట నీరు”, “మింట చుక్క” అన్నప్పుడు కనబడే ఔపవిభక్తికమే (విభక్తి చేరేటప్పుడు మాట చివర వచ్చే మార్పే) “వెంట”లోనూ ఉందనుకోవచ్చు. ఎవరి వెంట వెళ్ళినా వారి వెన్ను మనకు కనబడుతూ ఉండాలి, అంతే సంగతి. వెనుక, వెనుకాడు, వెనుదిరుగు, వెన్నంటు, వెన్నుదన్ను అన్నీ ఈ ఇంటి పిల్లలే. వెను పక్కన పడి చేరితే వెంబడి. దానికి ఇంచు చేర్చితే వెంబడించు. మన వకారానికి కన్నడంలో బకారం కనుక అక్కడ ఇది బెన్ను. బెంబత్తు అంటే తరుముకుపోవడం. ఫాలోకి తమిళులు, మలయాళులు “వెనుక” అనే అర్థమున్న పిన్‌తో మాట కట్టుకున్నారు (పిన్‌తొడర్, పిన్తుటరుక). కన్నడిగులూ అదే దారిన హింబాలిసు అంటారు. మనం మాత్రం ఇంట్లో వెన్ను ఉంచుకుని “అను” ఉపసర్గను అరువు తెచ్చుకున్నాం.

ఇంత చెప్పీ “వెంబడించండి” అని రాయమనలేను. తెలుగు బైబిల్లో “నా వెంబడి రండి” అన్నప్పుడు ఆ మాట ఎంత మెత్తగా ఉందో చూడండి. ఆ మెత్తదనం ఇవాళ పోయింది. ఇప్పుడు పోలీసులు దొంగను వెంబడిస్తారు, ఆకతాయి ఆడపిల్లను వెంబడిస్తాడు. కొత్తగా చేరినవాడికి “మొదటి రోజే ముప్పైమందిని వెంబడించండి” అని చెబితే వాణ్ణి మూడోరోజుకు ఎవరో ఒకరు బ్లాక్ చేస్తారు.

“అనుసరించు” తప్పు కాదు. అక్కడి తెలుగు బొత్తాం మీదా అదే ఉంది. అను + సృ, వెనుక నడవడం. తెలుగులో అది నడక మానేసి చాలాకాలమైంది: పద్ధతిని అనుసరిస్తాం, ఆదేశాన్ని అనుసరిస్తాం, “దీన్నిబట్టి” అనడానికి బదులు “దీన్ని అనుసరించి” అంటాం. విధేయత వాసన పట్టేసింది. పిల్లుల బొమ్మలు పెట్టే మనిషిని నేను చూస్తాను గాని, ఆయన్ని అనుసరించను.

అసలు నాకు నచ్చిన ఫాలో పోతన రాశాడు. అష్టమ స్కంధం, గజేంద్రమోక్షణం. ఏనుగు పిలుపు విని విష్ణువు బయల్దేరాడు. సిరికి చెప్పలేదు, శంఖచక్రాలు అందుకోలేదు, “ఏ పరివారంబునుం జీరడు” – ఎవర్నీ పిలవలేదు. పిలవకపోయినా ఏమైంది?

“తన వెంటన్ సిరి, లచ్చి వెంట నవరోధవ్రాతమున్, దాని వెన్కను పక్షీంద్రుడు, వాని పొంతను ధనుఃకౌమోదకీ శంఖచక్రనికాయంబును…”

ఆయన వెంట లక్ష్మి, లక్ష్మి వెంట అంతఃపుర స్త్రీలు, ఆ గుంపు వెనుక గరుత్మంతుడు, అతని పక్కన ఆయుధాలు. నారదుడు, సేనాపతి, చివరికి వైకుంఠంలో ఉన్న ఆబాలగోపాలమూ. ఒక్క మత్తేభంలో ఇంత ఊరేగింపు! రెండుసార్లు వెంట, ఒకసారి వెన్క, ఒకసారి పొంత. ఆజ్ఞ లేదు, తరమడం లేదు, శిష్యరికం లేదు, వెళ్ళాలనిపించి వెళ్ళారు. మీ ఫాలో సరిగ్గా ఇదే. ఆ తర్వాతి కందంలో లక్ష్మి మగణ్ణి అడగబోయి ఆగుతుంది: “అడుగిడు నడుగిడదు”. బొత్తాం మీద వేలుంచి నొక్కాలా వద్దా అని ఊగే కొత్తవాడి స్థితి అదే కదా. వాడికి ధైర్యం చెప్పండి: వెంట ఉన్న సంగతి అవతలివారికి తెలుస్తుంది గాని, మానుకున్న సంగతి కబురు వెళ్ళదు.

ఇంకో చిత్రం. ఆ నెట్‌వర్క్ పేరే అంతరించిపోయిన ఒక ఏనుగుజాతి జంతువుది. దవడపళ్ళ మీద బొడిపెలు చూసి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యువియే గ్రీకులో పెట్టిన పేరు; మస్తోస్ అంటే చన్ను, ఓదూస్ అంటే పన్ను. అచ్చతెలుగులో చన్నుపన్ను. అక్కడి రాతలను మొదట్లో “టూట్” అనేవారు, ఏనుగు కూత అనే సరదాతో. 2022లో నాలుగో వెర్షన్‌తో అది మామూలు “పోస్ట్” అయింది. మనం “ఘీంకారం” అని వాడుకుని ఉండవచ్చు, అవకాశం దాటిపోయింది. పోస్టుకు టపా అని ఇదివరకే ఉంది. అయితే “టపా రాయండి” అనండి, “టపా కట్టండి” అంటే మనిషి పోతాడు.

మళ్ళీ మీ వాక్యానికి వద్దాం. “మొదటి రోజే ముప్పైమంది” అన్నారు గాని, ఎందుకో చెప్పలేదు. కారణం చెప్పకపోతే ఏ క్రియ వాడినా జనం వినరు. అక్కడ ఏది చూపాలో ఎంచిపెట్టే యంత్రం లేదు. మీరు ఎవరి వెంట ఉన్నారో వారి రాతలే, కాలక్రమంలో, కొత్తవి పైన. ముగ్గురి వెంట ఉంటే ఇల్లు బోసిగా ఉంటుంది, “ఇక్కడెవరూ లేరు” అని రెండోరోజే వెళ్ళిపోతారు. ముప్పైమందిని పట్టడానికి పోతన చూపిన దారే దారి: నచ్చిన ఒకరిని పట్టుకుని, ఆయన ఎవరి వెంట ఉన్నాడో ఆ జాబితా తెరవడం, అక్కణ్ణుంచి మరొకరు.

అయితే “మొదటి రోజే” అనడానికి ముందు ఒక వాక్యం చేర్చండి. మీరు ఒకరి వెంట చేరగానే వారు మీ పేజీ తెరిచి చూస్తారు. అక్కడ బొమ్మ లేక, పరిచయం లేక, ఒక్క టపా కూడా లేకపోతే ఏ దొంగఖాతానో అనుకుంటారు. తాళం వేసుకున్న ఖాతాలైతే అనుమతే ఇవ్వరు. అందుకని ముందు బొమ్మ, రెండు ముక్కల పరిచయం, ఏమి రాయబోతున్నారో చెప్పే ఒక టపా రాసి పేజీ పైన గుచ్చిపెట్టడం. ఆ తర్వాతే ముప్పైమంది. టపాకు మామూలుగా 500 అక్షరాల హద్దు. 

చిరునామా గురించి “యూజర్‌నేమ్ ఎంచుకోండి” అని వదిలేసి ఉంటారు, చాలామంది చేసే పనే. మాస్టొడాన్ ఒకేచోట ఉండదు, వేర్వేరు సర్వర్ల మీద నడుస్తుంది; మీ ఖాతా ఉండేది వాటిలో ఒకదాని మీద. అందుకే చిరునామా రెండు ముక్కలు: @ పేరు, మళ్ళీ @ సర్వర్. రెండోది ఇంటిపేరు వంటిది. మనకు ముందు వస్తుంది, అక్కడ చివర వస్తుంది. మొదటి ముక్కలో తెలుగు లిపి కుదరదు, రోమన్ అక్షరాలు, అంకెలు, అడ్డగీత (_) మాత్రమే. కనిపించే పేరు మాత్రం తెలుగులో హాయిగా పెట్టుకోవచ్చు. వేరే సర్వర్ మనిషి పేజీకి నేరుగా వెళ్ళి బొత్తాం నొక్కితే అది “మీ సర్వర్ ఏది?” అని అడుగుతుంది. కొత్తవాళ్ళు కంగారుపడి అక్కడ రెండో ఖాతా తెరిచేస్తారు. పూర్తి చిరునామా నకలు తీసి, తమ సర్వర్ వెతుకుడు పెట్టెలో పెట్టి అక్కడే నొక్కాలని చెప్పండి. ఇంకో మోసం: అలా వెతికిన మనిషి పేజీ చాలాసార్లు ఖాళీగా కనబడుతుంది. మీ సర్వర్‌కు ఆయన పాత రాతలు చేరి ఉండవు, అంతే. మీరు వెంట చేరిన దగ్గర్నుంచి కొత్తవి వస్తాయి.

ఇక్కడ ఒక చిక్కు, నా వాదానికే అడ్డం వచ్చేది. ఇందులో నడిచేది మీరు కాదు. మీరు కూర్చున్నచోటే ఉంటే వారి రాతలే మీ సర్వర్‌కు నడిచి వస్తాయి. ఆ లెక్కన పోతన వెంటకూ ఇక్కడ అర్హత లేదు. “పత్రిక తెప్పించుకుంటున్నాం” అనేవారే, ఆ తెప్పించుకోవడమే అసలు క్రియ. ఫాలోయరు నిజానికి చందాదారు. దీన్ని పూర్తిగా తోసిపుచ్చలేను. కానీ ఇల్లు మారినప్పుడు మళ్ళీ “వెంట” గెలుస్తుంది. ఒక సర్వర్ నుంచి మరోదానికి ఖాతా మార్చుకుంటే మీ వెంట ఉన్నవారు వారంతట వారే కొత్త చిరునామాకు వచ్చేస్తారు. మీ పాత టపాలు రావు. మీరు ఎవరి వెంట ఉన్నారో ఆ జాబితాను మీరే దింపుకుని కొత్తచోట ఎక్కించాలి. జనం వెంట వస్తారు, సామాను రాదు.

“అనుచరులు” – వద్దనే అంటాను. అనుచరుడంటే వెనుక నడిచేవాడనే గాని, పత్రికల పుణ్యమా అని ఇప్పుడు నాయకుడి కారు చుట్టూ ఉండేవాడయ్యాడు. పద్యాలు రాసుకునే మనిషి పేరు కింద “అనుచరులు 12” అని కనబడితే నవ్వు రాదూ? అనుయాయి సిద్ధాంతాలకు సరిపోతుంది, అభిమాని సినిమాలకు. “వెంట ఉన్నవారు” పొడుగే, ఏం చేస్తాం. ఒకరి వెంట ఒకరు ఉన్నవారిని సహచరులు అనవచ్చు. పొంత మిగిలి ఉంటే ఇంకా బాగుండేది, ఇప్పుడది “పొంతన లేని మాటలు”లో మాత్రమే దొరుకుతోంది.

మిగతావి గబగబా. బూస్టుకు, అంటే ఒకరి టపాను మన వెంట ఉన్నవారికీ చూపడానికి, వెన్నుతట్టడం; వెన్ను మళ్ళీ దొరికింది చూశారా! నచ్చిందని నక్షత్రం నొక్కితే రాసినవారికి సంతోషమే గాని టపా ఎక్కడికీ పోదు. పదిమందికి చేరాలంటే వెన్నుతట్టాల్సిందే. ఒకరి టపాను చూపించి దానిమీద వ్యాఖ్యానించే సదుపాయాన్ని వెన్నుపోటు భయంతో చాలాకాలం పెట్టలేదు. 2025లో పెట్టారు, అదీ రాసినవారు ఒప్పుకుంటేనే. మ్యూటును “మూగబుచ్చడం” అనకండి, అవతలివాడు మాట్లాడుతూనే ఉంటాడు. వినిపించుకోనిది మీరు. కాబట్టి పెడచెవిని పెట్టడం. పెడతల అంటే తల వెనుకభాగం. అంతకన్నా సరైన మాట ఏ భాషలోనూ ఉండదు.

హ్యాష్‌ట్యాగు దగ్గర మాత్రం మన వ్యాకరణమే మనల్ని ముంచుతుంది. #పద్యం ఒక గుర్తు, #పద్యాన్ని ఇంకొకటి, #పద్యంలో మూడోది. విభక్తి అంటుకుందా, మీ టపా వేరే గదిలోకి పోతుంది, ఎవరికీ కనిపించదు. కనుక ట్యాగును వాక్యంలో ఇరికించకుండా ప్రథమావిభక్తిలో టపా చివర పెట్టమనండి. రెండు మాటలైతే మధ్య అడ్డగీత: #తెలుగు_కథ. ఇంగ్లీషువాళ్ళు మాట మొదట పెద్దక్షరం పెట్టి విడదీస్తారు, మనకు పెద్దక్షరాలు లేవు. రాసేపెట్టె దగ్గర భాషను తెలుగు అని మార్చమని కూడా చెప్పండి. ఇంగ్లీషు అని ఉండిపోతే, తెలుగు మాత్రమే చూపమని పెట్టుకున్నవారికి మీ తెలుగు కనబడదు.

మీ వాక్యం ఇలా ఉంటే నాకు అభ్యంతరం లేదు: “ముందు మీ పేజీ నింపుకోండి, ఒక టపా రాయండి. ఆ తర్వాత ఒక ముప్పైమంది వెంట ఉండండి. నచ్చనివారి వెంట మానేయవచ్చు, వారికి తెలియదు.” మొదటిసారి వచ్చినచోట కుండలీకరణాల్లో “అనుసరించు” అని కూడా వేయండి. బొత్తాం మీద ఏముంటే జనం దాన్నే వెతుకుతారు.