మైకు ఆటో మా సందులోకి రాదు

(మున్సిపల్ ఆఫీసులో మేనేజరుగా చేసి రిటైరైన మా కాలమిస్టు, పట్టణ జీవితం గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తారు.)

ప్రశ్న: మేడమ్ గారూ, మాది కృష్ణా డెల్టాలో చిన్న పట్టణం. కిందటి నెలలో వరసగా మూడు రోజులు కుళాయి రాలేదు. ఆఫీసుకి ఫోన్ చేస్తే "ఆటోలో మైకు పెట్టి చెప్పించాం కదమ్మా" అన్నారు. మా ఇల్లు లోపలి సందులో, రెండో అంతస్తు. నేను పొద్దున్నే స్కూలుకి వెళ్లి సాయంత్రం వస్తాను. ఆ మైకు నేనెప్పుడు వినాలి? ఇలాంటి సంగతి ముందే తెలియాలంటే ఎవరిని అడగాలి?
– ఒక టీచరు (పేరు, ఊరు వేయవద్దన్నారు)

జవాబు: అమ్మా, ఆఫీసువాళ్లు అబద్ధం చెప్పి ఉండరు. ఆటో తిరిగే ఉంటుంది. అయితే అది తిరిగేది మెయిన్ రోడ్డు మీద, పట్టపగలు పదకొండింటికి. కిరాయి మాట్లాడుకుని వచ్చిన డ్రైవరు సందు సందూ తిరిగితే అతనికి గిట్టదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆటో ఆగదు. మీ ఇంటి ముందు నుంచి పోతున్నప్పుడు "పట్టణ ప్రజలకు విజ్ఞప్తి, పైపులైను మరమ్మతుల కారణంగా..." దాకా వినబడుతుంది. ఏ రోజు, ఏ వీధులు అన్నది పక్క వీధివాళ్ల చెవిన పడుతుంది. వాళ్లకు విజ్ఞప్తి ఎందుకో తెలియదు, మీకు ఎప్పుడో తెలియదు.

నేను పనిచేసిన రోజుల్లో నోటీసుల డ్రాఫ్టులన్నీ నా టేబుల్ మీదుగానే వెళ్లేవి. దాదాపు అన్నీ ఒకే అచ్చు. "మరమ్మతుల నిమిత్తం నీటి సరఫరాలో అంతరాయం కలుగును. కావున పుర ప్రజలు సహకరించవలసిందిగా కోరడమైనది." ఇందులో బిందె పట్టుకుని నిలబడ్డ మనిషికి పనికొచ్చే ముక్క ఒక్కటి కూడా లేదు. అదే సంగతిని ఇలా రాయొచ్చు: "మంగళ, బుధవారాలు కుళాయి రాదు. మార్కెట్ దగ్గర ట్యాంకు నీళ్లు వచ్చే వీధులన్నిటికీ ఇంతే. సోమవారం సాయంత్రం ఒక గంట ఎక్కువ వదులుతాం, పట్టుకోండి. గురువారం ఉదయం మామూలే. ట్యాంకరు కావాలంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి." సహకారం కోరకపోయినా ఫరవాలేదు. నీళ్లు లేనప్పుడు జనం ఎలాగూ సహకరిస్తారు, ఇంకేం చేస్తారు!

ఇక మీరు చేయాల్సింది. ముందు మీ వీధికి నీళ్లు ఏ ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వస్తాయో తెలుసుకోండి. ఇది ఆఫీసులో అడగక్కర్లేదు. రోజూ వచ్చి వాల్వు తిప్పి నీళ్లు వదిలే మనిషి ఉంటాడు కదా, అతనికి తెలుసు. అతని ఫోన్ నంబరు మీ సందులో ఒక్కరి దగ్గరైనా ఉండాలి. పై అధికారుల కంటే ముందు సంగతి అతనికే తెలుస్తుంది, ఎందుకంటే వాల్వు కట్టాల్సింది అతనే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2 నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి. సుమారు నాలుగు వేల జనాభాకు ఒకటి. అందులో నీళ్లు, రోడ్లు, వీధి దీపాలు చూసేది ఎమినిటీస్ సెక్రటరీ. కమిషనర్ ఆఫీసుకి ఫోన్ చేసి ఎవరో ఒకరు ఎత్తేదాకా ఎదురుచూసే కంటే మీ సచివాలయంలో ఆ ఒక్కరినీ పరిచయం చేసుకుంటే పని సులువు.

డెల్టాలో ఉన్నారు కాబట్టి ఇంకో మాట. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందు మంచినీటి చెరువులు నింపుకుంటారు, మళ్లీ కాలువ వదిలేదాకా ఊరంతా ఆ నీళ్ల మీదే బతకాలి. చెరువు ఎంత నిండిందన్నదాన్ని బట్టి రోజు విడిచి రోజు ఇస్తారా, పూట తగ్గిస్తారా అన్నది తేలుతుంది. కాబట్టి "కాలువ ఎప్పుడు కడతారు? చెరువు నిండిందా?" అని ముందే అడిగి పెట్టుకోండి. పేపర్లో జిల్లా పేజీలో ఈ వార్త తప్పక వస్తుంది. అది రైతుల వార్త అనుకుని పట్నంవాళ్లు పేజీ తిప్పేస్తారు.

మరమ్మతు అయ్యాక మొదట వచ్చే నీళ్లు పట్టుకోకండి. ఖాళీ అయిన పైపులో మట్టి, మురుగు చేరి ఉంటాయి. కాసేపు వదిలేసి, తేటగా వచ్చాక పట్టి, ఒకట్రెండు రోజులు తాగే నీళ్లు మరిగించండి. కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలన్నది లెక్క. పరీక్ష చేసే చిన్న కిట్ వాటర్ వర్క్స్‌లో ఉంటుంది, వచ్చి చూడమని అడగడానికి మొహమాటం వద్దు.

మరీ పట్టించుకోకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. అందరూ దాన్ని అర్జీ పెట్టి జవాబు కోసం ఎదురుచూసే చట్టం అనుకుంటారు. 2005 నాటి ఆ చట్టంలో నాలుగో సెక్షన్ చదవండి. ఎవరూ అడగక ముందే ఆఫీసులు తమంతట తామే సమాచారం చెప్పాలని అందులో ఉంది. నోటీసు బోర్డులు, పేపర్లు, బహిరంగ ప్రకటనలు, ప్రసారాలు, ఇంటర్నెట్ ఇవన్నీ వాడాలని, స్థానిక భాషను కూడా దృష్టిలో పెట్టుకోవాలని కూడా ఉంది. మీ వార్డువాళ్లు పదిమంది సంతకాలు పెట్టి, ఈ సెక్షన్ పేరు రాసి, "నీళ్లు ఆపే ముందు రోజే వీధుల పేర్లతో సచివాలయం బోర్డు మీద రాయండి" అని ఒక కాగితం ఇవ్వండి. సుద్దముక్క ఖర్చు తప్ప వాళ్లకు పోయేదేం లేదు.

ప్రశ్న: కరెంటు పోతే ముందుగా మెసేజ్ వస్తుందని మా కొలీగ్స్ అంటారు. మాకు ఒక్కసారీ రాలేదు. అద్దె ఇంట్లో ఉంటున్నాం. పని ఇంటి నుంచే చేస్తాను, మీటింగ్ మధ్యలో కరెంటు పోతుందేమోనని ఒకటే టెన్షన్.
– తెలంగాణలోని ఓ జిల్లా కేంద్రం నుంచి

జవాబు: బాబూ, మెసేజ్ వచ్చే ఉంటుంది, మీ ఓనరు గారికి. సర్వీసు నంబరుకి ఏ ఫోన్ జతచేసి ఉంటే దానికే పోతుంది. ఆయన ఏ అమెరికాలోనో కొడుకు దగ్గరుంటే, మీ వీధిలో చెట్ల కొమ్మలు కొడుతున్న సంగతి అక్కడ అర్ధరాత్రి ఆయన ఫోన్లో మోగుతుంది. బిల్లు మీద ఉన్న సర్వీసు నంబరు దగ్గర పెట్టుకుని 1912కి ఫోన్ చేసి, ఏ నంబరు జతై ఉందో కనుక్కోండి. ఓనరు గారికి ఒక మాట చెప్పి మీ నంబరు పెట్టించుకోండి. ఖాళీ చేసేటప్పుడు తీయించడం మరచిపోవద్దు.

2020లో కేంద్రం తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, ముందే అనుకున్న కోతల వివరాలు వినియోగదారులకు చెప్పాలి. హఠాత్తుగా పోతే మళ్లీ ఎప్పటికి వస్తుందో అంచనాతో సహా మెసేజ్ ఇవ్వాలి. కాబట్టి అడగడంలో మీరు తగ్గక్కర్లేదు. పేపర్లో వచ్చే ప్రకటనల్లో ఒక చిక్కుంది. వాటిలో తరచూ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి మీ వైపు కరెంటు తెచ్చే లైను) పేరే ఉంటుంది, వీధి పేరు ఉండదు. మీ ఇంటికి ఏ ఫీడరో లైన్‌మ్యాన్‌ని అడిగి మీటరు బాక్సు మీద రాసి పెట్టుకోండి. "ఆ ఫీడరు మీద ఎల్‌సీ తీసుకున్నారు" అని అతను అంటే, లైను ఆపి పని చేస్తున్నారని అర్థం. పని అయ్యేదాకా కరెంటు రాదు, మాటిమాటికీ ఫోన్ చేసినా లాభం లేదు.

ప్రశ్న: ఏప్రిల్ చివర్లో మాత్రం మైకు ఆటో మా ఇంటి గుమ్మం దాకా వస్తుంది. ఎందుకంటారు?
– ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు

జవాబు: మాస్టారూ, మీకు తెలియక అడిగారా! ఏప్రిల్ 30 లోపు ఏడాది ఇంటిపన్ను మొత్తం ఒకేసారి కడితే సాధారణంగా 5 శాతం రాయితీ ఇస్తారు. ఆఫీసుకి డబ్బు వచ్చే కబురు కాబట్టి ఆటో సందుల్లోకి కూడా దూరుతుంది. దారి తెలుసన్నమాట. నీళ్ల కబురు కూడా అదే రూటులో పంపమని మీలాంటి పెద్దలు రాసివ్వండి. రాయితీ మాత్రం వదులుకోకండి.

ప్రశ్న: మా వార్డుకి వాట్సాప్ గ్రూపు పెట్టాను. గుడ్ మార్నింగ్ పూలు, పార్టీల గొడవలు తప్ప ఇంకేం లేవు. మొన్న "రేపు కుళాయి రాదు" అన్న పాత మెసేజ్ ఎవరో మళ్లీ పెడితే ఊరంతా నీళ్లు పట్టుకుంది. ఏం చేయమంటారు?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: నాన్నా, పూల గ్రూపు అలాగే ఉంచు, అది ఉంటేనే పెద్దవాళ్లు ఫోన్ తీస్తారు. పక్కన "వార్డు సమాచారం" అని ఇంకొకటి పెట్టి, అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగు మార్చు. అడ్మిన్లుగా నువ్వు, నీళ్లు వదిలే మనిషి, సచివాలయం ఉద్యోగి ఒకరు చాలు. "రేపు" అన్న మాట ఆ గ్రూపులో నిషేధించు. తేదీ, వారం రాయాలి. నీ ఊరు నీళ్లు పట్టుకున్నది ఆ "రేపు" వల్లే. నీళ్లు, కరెంటు ఒక్కటే కాదు, మెడికల్ క్యాంపు, కాలువ పూడికతీత, జాతరకి రోడ్డు మళ్లింపు లాంటివి కూడా పెట్టు. రోజుకి రెండు మూడు దాటితే మాత్రం ఎవరూ చదవరు.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల కోసం అదే కాగితం మీద రాసి పాలబూత్ దగ్గర, టిఫిన్ హోటల్ దగ్గర, రేషన్ షాపు గోడ మీద అంటించు. చర్చిలో ఆదివారం ప్రకటనల్లో, మసీదులో శుక్రవారం నమాజు తర్వాత, గుడి మైకులో చెప్పమని అడిగితే చెబుతారు.

పోలియో చుక్కల ఆదివారం సంగతి మన ఊళ్లో తెలియనివాళ్లు ఉంటారా? బూత్ పెడతారు, ఆ తర్వాత రోజుల్లో ఇంటింటికీ వస్తారు, చుక్కలు వేసిన పిల్లల వేలికి గుర్తు పెడతారు, తలుపు మీద సుద్దముక్కతో రాసి పోతారు. ఆ పనికి తిరిగే ఆశా కార్యకర్త దగ్గర ఏ ఇంట్లో ఎవరున్నారో రాసిన పుస్తకం ఉంటుంది. ఆమెను ఒకసారి కలువు. మంచాన ఉన్నవాళ్లు, ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఏ ఇళ్లలో ఉన్నారో ఆమె చెబితే, నీళ్లు ఆగే ముందు రోజు మీ కుర్రాళ్లు ఆ తలుపులు తట్టొచ్చు.