ముగ్గురి మధ్య క్వాంటం కీ: నా భయం పక్కవాడి గురించే

ఒకరి రహస్య కీ మిగిలిన ఇద్దరూ కలిస్తేనే తెలిసేలా ముగ్గురు పంచుకోవాలంటే చిక్కుపడిన ఫోటాన్లే (కొలత ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండే కాంతి కణాలే) కావాలా, ఇద్దరి కోసం ఉన్న పద్ధతినే జతలుగా వాడితే చాలదా అని మీరు అడిగారు. చాలుతుందనే నా అభిప్రాయం. 1984లో బెనెట్, బ్రసార్డ్ ప్రతిపాదించిన పద్ధతిలో నేను మిగిలిన ఇద్దరితోనూ విడివిడిగా కీలు ఏర్పరచుకొని, ఆ రెండింటినీ ఎక్సార్ చేయగా (బిట్లు ఒకటే అయితే 0, వేరైతే 1 వచ్చేలా కలపగా) వచ్చినదానితో సందేశాన్ని తాళం వేస్తే, వారిద్దరూ కలిస్తే తప్ప అది తెరుచుకోదు.

1999లో హిలరీ, బుజెక్, బెర్తియోమ్ ఇదే పనిని జీహెచ్‌జెడ్ స్థితితో, అంటే మూడూ కలిసి చిక్కుపడిన కణాలతో, చేయవచ్చని సిద్ధాంతపరంగా చూపారు. ఒక్కొక్కరూ తమ కణాన్ని ఎక్స్ లేదా వై దిశలో, తోచినట్టు ఎంచుకొని కొలుస్తారు. ఇద్దరి ఫలితాల నుంచి మూడోవారిది తేలేలా దిశలు కుదిరిన సగం విడతలే మిగులుతాయి.

చదువుకునే రోజుల్లో మేం ముగ్గురం దీన్ని ప్రోగ్రాముగా రాసి, ఒక మిత్రుడికి మోసగాడి పాత్ర ఇచ్చాం. అతడు రెండో మిత్రుడికి వెళ్లాల్సిన కణాన్ని దారిలోనే తీసుకొని, దాని బదులు తాను తయారుచేసిన చిక్కుపడిన జతలో ఒకదాన్ని పంపాడు. మోసం పట్టుకోవడానికి ఫలితాలను బయటపెట్టి పోల్చుకునే తనిఖీ విడతల్లో మేమిద్దరం దిశలూ ఫలితాలూ చెప్పేదాకా ఏమీ కొలవకుండా ఆగి, ఆపైన వాటికి సరిపోయే జవాబు చెప్పేవాడు. గంటసేపు ఆడినా ఒక్క తప్పూ దొరకలేదు సరికదా, నా కీ మొత్తం అతడి తెరమీద ఉంది! ముందు ఎవరు చెప్పాలో ప్రతి విడతకూ నేనే చీటీ తీసి నిర్ణయించడం మొదలుపెట్టాక కొద్దిసేపటికే దొరికిపోయాడు. మా లోపం భౌతికశాస్త్రంలో లేదు, మాట్లాడే వరుసలో ఉంది.

అందుకే ‘ఎవరూ భేదించలేనిది’ అనే ప్రచారం వింటే నాకు చిరాకు. ఆ మాట చెప్పేవారు బయట పొంచి ఉన్నవాడినే లెక్కలోకి తీసుకుంటారు. పైగా దిశలూ ఫలితాలూ చెప్పుకునే మామూలు మార్గంలో మాట్లాడుతున్నది ఎవరో నిర్ధారించుకోవాలన్న సంగతే ఎత్తరు.

మా ప్రోగ్రాములో ఫైబర్ నష్టం, అంటే తీగలో దారిమధ్యలోనే ఫోటాన్లు పోవడం, కూడా లేదు. కిలోమీటరుకు 0.2 డెసిబెళ్ల చొప్పున 50 కిలోమీటర్లలో పది ఫోటాన్లలో ఒకటే మిగులుతుంది. జీహెచ్‌జెడ్ కణాలు ఒకే చోటి నుంచి ముగ్గురికీ వెళ్తూ, మూడు దారులూ అంతే పొడవైతే మూడూ కలిసి చేరేది వెయ్యి విడతల్లో ఒకసారి, అందులోనూ సగం దిశలు కుదరక పోతుంది. జతలే చాలనడానికి ఇదీ ఓ కారణం.