తీతువు లేచిన చోట

చిరంజీవికి ఆశీస్సులు.

ఎన్.సి.సి. శిబిరంలో వాన పడిన రోజు ఫైరింగ్‌కు వెళ్లిన అనుభవాన్ని రాసి పంపావు. రెండుసార్లు చదివాను. నెమలి పురి విప్పి ఆడిన పేరా మొత్తం కొట్టేశాను, కోపగించుకోకు. జోరువానలో నెమలి తోక తడిసి బరువెక్కి, ఏ తుమ్మకొమ్మ మీదనో ముడుచుకుని కూర్చోవడమే నేను చూశాను. నీవు చూసిందీ అదే అయివుంటుందని, దాన్ని ఆడించినవి బడిలో చదివిన పద్యాలని నా అనుమానం. క్యాడెట్‌గా ఉన్న రోజుల్లో నేనూ ఇలాగే లేని నెమలిని వ్యాసంలో పెడితే, మా తెలుగు మాస్టారు పక్కన "ఏ కొమ్మ మీద?" అని మాత్రం రాసి తిరిగి ఇచ్చారు.

అసలు సరుకు నీ మూడో పుటలో ఉంది. ఎర్రజెండా ఎగరేశాక, తూటాలను ఆపే మట్టిదిబ్బ, అదే బట్, దాని ముందరి గులకరాళ్లలోంచి తీతువు అరుస్తూ లేచిందని ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోయావు. తీతువు గూడంటూ కట్టదు. నేల మీద చిన్న పల్లంలో, రాళ్ల రంగులో కలిసిపోయే గుడ్లు, సాధారణంగా నాలుగు, పెడుతుంది. అది మీ తలల మీదుగానే తిరుగుతూ అరిచిందంటే గుడ్లు దగ్గర్లోనే ఉండివుండవచ్చు. మొదటి తూటాకు లేచిన పిట్ట ఎన్నో తూటాకు తిరిగి వాలింది? గుర్తుంటే రాయి, లేకపోతే వదిలేయి, ఊహించి పూరించవద్దు. తీతువు అరుపు అపశకునమన్న నమ్మకాన్ని తెచ్చి కథకు భయం అతికించాలనిపిస్తుంది. దాని జోలికి పోకు.

ఇక తుపాకి. .22 రైఫిల్ నీవు రాసినట్టు 'ఢాం'మని దిక్కులు పిక్కటిల్లేలా పేలదు, చెర్నాకోల ఛెళ్లుమన్నట్టుంటుంది. భుజాన్నీ అంతగా తన్నదు. తడిసిన గ్రౌండ్‌షీట్ మీద బోర్లా పడుకుంటే మోచేతుల కింద నీళ్లు ఊరడం, టోపీ అంచు నుంచి జారిన బొట్టు కంటివైపు గురి అమరిక అయిన బ్యాక్‌సైట్ మీద పడి గురి చెదరడం, 25 గజాల అవతల నానిన కాగితంలో తూటా రంధ్రం గుండ్రంగా కాక చిరుగులా కనబడడం, ఖోకాలు, అంటే పేలిన తూటాల ఖాళీ తొడుగులు, ఏరి లెక్క చూస్తే ఒకటి తగ్గి అందరూ బురదలో వెతకడం, ఇవన్నీ నాకు ఫోన్‌లో చెప్పావు. వ్యాసంలో ఒక్కటీ లేదు. తుపాకి గొట్టం చివరనుండే ఫోర్‌సైట్ మొన స్పష్టంగా చూస్తే టార్గెట్ మసకబారుతుందన్న మాట బాగుంది. దాన్ని జీవితానికి వర్తింపజేసిన తరువాతి వాక్యం తీసేయి.

"ఎర్రని మఖ్మల్ పురుగు" అన్నావు. ఆరుద్ర కార్తెలో వాన పడగానే నేల మీదికి వచ్చే ఆరుద్ర పురుగు అది. పురుగంటాం గానీ దానికి ఎనిమిది కాళ్లు, సాలీడు బంధువు. "నల్లని పిట్ట ఒకటి" అన్నదానికి తోక చివర చీలివుంటే అది పసుల పోలిగాడే. ఉసిళ్లు లేచినప్పుడు తీగ మీది నుంచి ఎగిరి ఒకదాన్ని పట్టి, తిరిగి ఆ తీగ మీదే వాలుతుంది. అక్కడ మేకలు కాసేవారిని అడుగు. ఊరు మారితే పేరు మారుతుంది, మీ ఊరి పేరే రాయి.

ఈసారి తీతువుతోనే మొదలుపెట్టి పంపు. అన్నట్టు, ఆ తగ్గిన ఖోకా దొరికిందా లేదా? ఆ సంగతి చెప్పకుండానే ఫోన్ పెట్టేశావు.