టెర్మినల్ మారుస్తూ కూర్చుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం. సెలవులకు ఇంటికొచ్చి పాత డెస్క్‌టాప్‌లో విండోస్ తీసేసి ఉబుంటు వేశాడు. ఇప్పుడు టెర్మినల్ మార్చాలంటూ అర్ధరాత్రి దాకా దాని ముందే కూర్చుంటున్నాడు. కిట్టీ అని కొత్తదేదో వేశాడట, అయినా కంట్రోల్, ఆల్ట్, టి నొక్కితే పాతదే వస్తోందని విసుక్కుంటున్నాడు. వాళ్ల నాన్నగారేమో ఇదంతా టైం వేస్ట్, అమీర్‌పేటలో జావా ఫుల్‌స్టాక్ కోర్సులో చేర్పిద్దాం అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, టెర్మినల్ మార్చినందుకు ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. మీ వారి మాటలో అంతవరకు నిజం ఉంది. కానీ మార్చినా ఎందుకు మారలేదో ఓపికగా వెతికి పట్టుకునే పని ఉందే, దానికి జీతమిచ్చే ఉద్యోగాలు చాలానే ఉన్నాయి. మీ అబ్బాయి ప్రస్తుతం ఈ రెండింటి మధ్యలో ఉన్నాడు. ఎటు మొగ్గుతున్నాడో మీరే కనిపెట్టొచ్చు, ఎలాగో కింద చెబుతాను.

టెర్మినల్ అంటే మౌస్‌తో నొక్కే బదులు కమాండ్లు టైపు చేసి పని చేయించుకునే విండో. ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకం) 24.04 వెర్షన్‌లో గ్నోమ్ టెర్మినల్ అనే ప్రోగ్రామ్ ముందే ఉంటుంది. 25.10 నుంచి దాని స్థానంలో టిక్సిస్ అనేది వచ్చింది. కిట్టీ, అలాక్రిటీ, కాన్సోల్ లాంటివి ఎవరికి నచ్చినవి వాళ్లు వేసుకునేవి. మీ ఇంట్లో ఉన్నది 24.04 అనుకుని రాస్తున్నాను. ఇక్కడి నుంచి కొంతసేపు మీకు బోరు కొడుతుంది, ఫోను మీ అబ్బాయి చేతికివ్వండి.

బాబూ, నువ్వు కిట్టీని ఎలా ఇన్‌స్టాల్ చేశావన్న దాన్ని బట్టి ఉంటుంది. ఉబుంటు ప్యాకేజీలు దింపే ఆప్ట్ కమాండ్‌తో వేసి ఉంటే అది సిస్టమ్ లిస్టులోకి చేరిపోయింది, కానీ వెనకబడింది. కంట్రోల్-ఆల్ట్-టి నొక్కినప్పుడు ఉబుంటు నేరుగా గ్నోమ్ టెర్మినల్‌ను పిలవదు, ఎక్స్-టెర్మినల్-ఎమ్యులేటర్ అనే పేరును పిలుస్తుంది. ఆ పేరు కిరాణా కొట్టు బోర్డు లాంటిది, లోపల ఓనరు మారినా బోర్డు అలాగే ఉంటుంది. ఓనరు ఎవరన్నది సిస్టమ్ సెట్టింగులుండే ఈటీసీలోని ఆల్టర్నేటివ్స్ ఫోల్డర్‌లో ఒక లింకు చెబుతుంది. ఆటో మోడ్‌లో ఉన్నంతకాలం ఎవరి ప్రయారిటీ ఎక్కువైతే లింకు వాళ్లకే. గ్నోమ్ టెర్మినల్‌కు 40, కిట్టీకి 20. అందుకే నువ్వెన్నిసార్లు రీస్టార్ట్ చేసినా పాతదే వస్తుంది.

సుడోతో (అడ్మిన్ హక్కుతో) అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ కమాండ్‌ను కాన్ఫిగ్ ఆప్షన్ పెట్టి, చివర ఎక్స్-టెర్మినల్-ఎమ్యులేటర్ అని రాసి నడుపు. ఒక పట్టిక వస్తుంది: నంబరు, పాత్, ప్రయారిటీ, స్టేటస్. ఇప్పుడు వాడుకలో ఉన్న వరుస ముందు నక్షత్రం (*) గుర్తు ఉంటుంది. సున్నా నంబరు ఆటో మోడ్. కిట్టీ ఎదురుగా ఉన్న నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే మాన్యువల్ మోడ్‌లోకి వెళ్తుంది. తర్వాత ఏ ప్యాకేజీ వచ్చి ఎంత ప్రయారిటీ చూపించినా నీ సెలక్షన్ కదలదు. వెనక్కి రావాలంటే అదే కమాండ్‌కు ఆటో ఆప్షన్.

ఆ పట్టికలో కిట్టీ పేరే లేదంటే వెబ్‌సైట్‌లోని స్క్రిప్టుతో హోమ్ ఫోల్డర్‌లోకి దింపుకున్నావన్నమాట. అలా వచ్చినదాని సంగతి సిస్టమ్‌కు తెలియదు. అదే కమాండ్‌కు ఇన్‌స్టాల్ అనే ఆప్షన్ ఉంది, పాతూ ప్రయారిటీ నంబరూ ఇచ్చి నువ్వే చేర్చాలి. మాన్ పేజీలో (ఆ కమాండ్ మాన్యువల్‌లో) ఉంది, చదువు. వీడియో చూసి కాపీ కొట్టకు.

ఇది చేశాక కూడా ఫైల్స్ యాప్‌లో రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఇన్ టెర్మినల్ అంటే మళ్లీ గ్నోమ్ టెర్మినలే తెరుచుకుంటుంది. చాలామంది ఇక్కడే ఏదో పాడైందనుకుని మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఏమీ పాడవలేదు. ఆ మెనూ గ్నోమ్ టెర్మినల్ వాళ్లే చేసిన ఎక్స్‌టెన్షన్, దానికి తన ఇల్లు తప్ప వేరేది తెలియదు. అప్లికేషన్ల మెనూలోంచి హెచ్‌టాప్ లాంటి, టెర్మినల్‌లోనే నడిచే ప్రోగ్రామ్ తెరిస్తే మరో లెక్క. అక్కడ గ్లిబ్ అనే లైబ్రరీ తన సొంత జాబితాలో ఉన్న పేర్లను వరుసగా వెతుక్కుంటుంది. లినక్స్ డెస్క్‌టాప్‌లో ‘డిఫాల్ట్ టెర్మినల్ ఏది’ అన్న ప్రశ్నకు చాలా ఏళ్లుగా ఒక్క జవాబు లేదు, అడిగిన చోటును బట్టి మారుతుంది. దీన్ని ఒక కొలిక్కి తేవడానికే ఎక్స్‌డీజీ-టెర్మినల్-ఎగ్జెక్ అనే పద్ధతి వచ్చింది, ఉబుంటు 25.04 నుంచి దాన్నే వాడుతోంది. కేడీఈ అనే డెస్క్‌టాప్ వాడేవాళ్లకు సిస్టమ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ అప్లికేషన్స్ కింద నేరుగా ఉంటుంది. కాలేజీ ల్యాబులో విండోస్ 11 ఉంటే అక్కడా ఇదే ఆప్షన్ ఉంది, సెట్టింగ్స్‌లో ఫర్ డెవలపర్స్ అన్నచోట చూడు.

రెండు జాగ్రత్తలు. కొత్తది సరిగ్గా తెరుచుకుంటోందని చూసుకునేదాకా పాతదాన్ని తీసేయకు. కిట్టీ, అలాక్రిటీ రెండూ ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ వ్యవస్థ మీద నడుస్తాయి, పాత డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ అంతంతమాత్రమైతే విండో తెరుచుకోకపోవచ్చు. నువ్వేమో కీ పనిచేయట్లేదనుకుంటావు. ఏ టెర్మినలూ రాని పరిస్థితి వస్తే కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 నొక్కు, టెక్స్ట్ లాగిన్ వస్తుంది. ఇంకోటి, టెర్మినల్ వేరు, షెల్ వేరు. విండో కిట్టీ అయినా లోపల కమాండ్లు నడిపే షెల్ బాషే. షెల్ మార్చే సీహెచ్ఎస్‌హెచ్ కమాండ్‌ను దీనికి వాడి కంగారు పడకు.

ఇక ఫోను అమ్మకిచ్చెయ్.

అమ్మా, పైదంతా మీకు అర్థం కానక్కర్లేదు. రేపు టిఫిన్ దగ్గర మూడు ప్రశ్నలు అడగండి చాలు. ‘ఎందుకు మారలేదు? ఎక్కడ మార్చావు? మళ్లీ పాతదే కావాలంటే ఏం చేస్తావు?’ మీకు కంప్యూటర్ రాదని అతనికి తెలుసు కాబట్టి ఇంగ్లీషు ముక్కలతో తప్పించుకోవడానికి చూస్తాడు, మీరు వదలకండి. మీకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలిగితే అతను నేర్చుకుంటున్నాడు. మూడోదానికి ‘మళ్లీ ఉబుంటు వేసేస్తా’ అన్నాడంటే రంగులూ ఫాంట్లూ మార్చుకుంటూ సరదా తీర్చుకుంటున్నాడని. సరదా తప్పు కాదు, రాత్రి నిద్ర మానుకునేంతది కాదు, అంతే.

పనిలో పనిగా ఇంకొకటి కూడా అడగండి. విండోస్ తీసేసే ముందు ఇంటి ఫొటోలు, మీ వారి ఫైళ్లు వేరేచోట కాపీ చేశాడా అని. మరో సంగతి, పైన చెప్పిన ఆల్టర్నేటివ్స్‌తో చేసే మార్పు కంప్యూటర్ వాడే అందరికీ వర్తిస్తుంది. మీ వారి లాగిన్‌లోనూ ఇప్పుడు ఆ కీలకు కిట్టీయే వస్తుంది. ఆయన జన్మలో ఆ కీలు నొక్కరనుకోండి, అయినా పది మంది వాడే మెషీన్‌లో ఒకరి ఇష్టానికి మార్చడం ఎంతవరకు సబబన్నది సిస్టమ్ అడ్మిన్లు రోజూ ఆలోచించే విషయం.

ఉద్యోగాల సంగతికి వద్దాం. లినక్స్ అడ్మిన్, క్లౌడ్ సపోర్ట్, ప్రొడక్షన్ సపోర్ట్, ఆ తర్వాత డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్లలో పెట్టి నడిపించే పని). డెవాప్స్ పేరు చూసి పిల్లలు ఎగబడతారు గానీ ఫ్రెషర్లను అందులోకి నేరుగా తీసుకోవడం తక్కువ, సపోర్ట్ ఉద్యోగాలతో మొదలుపెట్టి వెళ్లేవాళ్లే ఎక్కువ. షిఫ్టులుంటాయి, ముందే చెబుతున్నాను. అక్కడ రోజూ వచ్చే టికెట్లు, అంటే ఫిర్యాదులు, ఇలాంటివే: మార్చాం, మారలేదు, ఎందుకు? ఒక ఉదాహరణ చెబుతాను. కిట్టీ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) వేరే సర్వర్‌లోకి వెళ్లి, స్క్రీన్ తుడిచే క్లియర్ కమాండ్ కొడితే ‘ఎక్స్‌టెర్మ్-కిట్టీ: అన్‌నోన్ టెర్మినల్ టైప్’ అని ఎర్రర్ రావడం మామూలే. ఆ సర్వర్‌లో కిట్టీ వివరాలున్న టెర్మ్‌ఇన్ఫో ఫైల్ లేకపోవడమే కారణం. ఇది తెలిసినవాడు నిమిషంలో సరిచేస్తాడు, తెలియనివాడు సర్వర్‌దే తప్పని టికెట్ పెడతాడు. ఇంటర్వ్యూలో ‘మీరు ఎదుర్కొన్న సమస్య ఒకటి చెప్పండి’ అన్నప్పుడు పుస్తకంలోది అప్పజెప్పేవాడి కంటే ఇలాంటిది చెప్పేవాడి మాట నిలుస్తుంది. అందుకే చేసినదాన్ని ఒక పేజీలో రాసి, ప్రోగ్రామర్లు తమ పని పెట్టుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో పెట్టమనండి, స్క్రీన్‌షాట్లతో.

అయితే తన టెర్మినల్‌ను అందంగా తీర్చిదిద్దుకోవడం మీద నెలలు పెట్టొద్దు. ఉద్యోగంలో చేరాక కంపెనీ లాప్‌టాప్‌లో కిట్టీ వేసుకునే పర్మిషన్ చాలాచోట్ల ఉండదు, సుడో మాట అడగనే అక్కర్లేదు. క్లౌడ్ ఉద్యోగాలకు పనికొచ్చే కుబర్నెటీస్ సర్టిఫికెట్ పరీక్ష సీకేఏ రెండు గంటలు, బ్రౌజర్‌లో వాళ్లిచ్చిన డెస్క్‌టాప్‌లోనే పని చేయాలి. అక్కడ చేతికి రావాల్సింది విమ్ (ఎడిటర్), గ్రెప్ (వెతికే కమాండ్), సిస్టమ్‌డీ (సర్వీసులను నడిపేది), పర్మిషన్లు. ఇవి ఏ టెర్మినల్‌లోనైనా ఒకటే.

మీ వారికి నా మాటగా ఇది చెప్పండి. రెండో ఏడాదిలోనే ఫుల్‌స్టాక్ కోర్సుకు డబ్బు కట్టే అవసరం నాకు కనిపించడం లేదు. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు చాలావరకు ముందు చూసేవి అరవై శాతం మార్కులు, బ్యాక్‌లాగులు లేకపోవడం, ఆ తర్వాత ఆప్టిట్యూడ్, కోడింగ్ టెస్టులు. కాబట్టి పగలు డేటా స్ట్రక్చర్స్, ఓఎస్ సబ్జెక్టు, ఏదో ఒక లాంగ్వేజ్‌లో రోజూ కొంత ప్రాక్టీస్. మీ వారన్న జావా అయినా సరే. సాయంత్రం లినక్స్. రాత్రి పదకొండుకు సిస్టమ్ ఆఫ్, దీని మీద బేరం వద్దు.

మూడో సంవత్సరం చివరికి కూడా ఇదే ఇష్టం మిగిలి ఉంటే, అప్పుడు లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ పెట్టే ఆర్‌హెచ్‌సీఎస్ఏ సర్టిఫికెట్ పరీక్ష గురించి ఆలోచించండి. 300 మార్కులకు 210 రావాలి, అంతా ప్రాక్టికలే. ఫీజు తక్కువేం కాదు, అందుకే ఇంట్లో పాత పేపర్లలాంటి ప్రశ్నలు ఎవరి సాయమూ లేకుండా చేయగలిగాకే కట్టండి.