టెక్ సందేహాలు: టాప్ స్పీడు కాదు, మన కెరటాల మీద స్పీడు చూడండి

ప్రశ్న: సర్, మా బావమరిది ఫ్లోరిడాలో ఉంటాడు. ఇద్దరం డబ్బు వేసుకుని అక్కడి నుంచి ఒక కస్టమ్ స్పీడ్ బోటు తెప్పించి, రుషికొండ నుంచి భీమిలి వైపు టూరిస్టులను తిప్పాలనుకుంటున్నాం. వీ-హల్ (అడుగు భాగం వీ ఆకారంలో ఉండే) బోటుకు ఒక కొటేషన్, కాటమరాన్‌కు ఒక కొటేషన్ వచ్చాయి. పొడవు ఒకటే. రెండింటికీ మెర్క్యురీ రేసింగ్ 450ఆర్ ఇంజిన్లు రెండేసి. కాటమరాన్ గంటకు 20 మైళ్లు ఎక్కువ పోతుందట, ధరా బాగా ఎక్కువే. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: మీ పనికి వీ-హలే. కాటమరాన్‌కు అంత స్పీడు ఎలా వస్తుందో చూస్తే కారణం మీకే తెలుస్తుంది. దాని రెండు సన్నటి హల్స్ (అడుగు భాగాలు) మధ్య సొరంగంలా ఖాళీ ఉంటుంది. వేగం పెరిగే కొద్దీ అందులో దూరిన గాలి బోటును పైకి ఎత్తుతుంది, నీటిని రాసుకునే భాగం తగ్గుతుంది. మిజోరీలోని ఎంటీఐ, మిషిగన్‌లోని స్కేటర్ ఈ రకం బోట్లకు పేరున్న బిల్డర్లు. నీరు సాఫీగా ఉన్నచోట వాటికి తిరుగులేదు. కానీ కెరటం ఆ సొరంగం ఎత్తును మించిందంటే నేరుగా కప్పుకు కొడుతుంది, ఆ దెబ్బ కూర్చున్నవాళ్ల నడుముకు తగులుతుంది. రేసు డ్రైవరుకు అది అలవాటే. పిల్లలతో వచ్చిన టూరిస్టు మాత్రం రెండోసారి ఎక్కడు.

వీ-హల్ సంగతి వేరు. అమెరికా బోటు డిజైనర్ రే హంట్ గీసిన డీప్-వీ (లోతైన వీ ఆకారపు) హల్ 1960లో మయామీ-నాసౌ రేసు గెలిచింది అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలోనే. వెనక భాగంలో కూడా అడుగు 24 డిగ్రీల దాకా వాలుగా ఉంటుంది కాబట్టి కెరటాన్ని కోసుకుంటూ పోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన తీరంలో ఉండే పోటు మీకు చెప్పనక్కర్లేదు. ఆ నెలల్లో ఏ బోటైనా ఒడ్డునే ఉండే రోజులు చాలా ఉంటాయి. మిగతా రోజుల్లో మధ్యాహ్నం గాలి లేచాక కూడా తిరగగలిగే బోటే మీకు డబ్బు తెచ్చేది.

ఇక ఖర్చు. అడుగు తేలి పరుగెత్తే బోటులో వేగం, హార్స్‌పవర్‌ను బరువుతో భాగిస్తే వచ్చే అంకె వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. రెండు 300 హార్స్‌పవర్ ఇంజిన్లతో 60 మైళ్లు పోయే వీ-హల్‌కు రెండు 450లు బిగిస్తే 73 మైళ్ల దగ్గర ఆగుతుంది. అంటే పవర్ సగం పెరిగితే వేగం అయిదో వంతు పైన మాత్రమే పెరిగింది. ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోలు హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.3 లీటరు. 900 హార్స్‌పవర్‌కు 270 లీటర్లు, మన ఊరి ధరలో దగ్గర దగ్గర 30 వేల రూపాయలు! మీ బావమరిదిని రెండు 300లతో కూడా కొటేషన్ అడగమనండి. నా ఓటు దానికే.

కొటేషన్‌లో పెయింటు, స్టీరియో ఖర్చు విడిగా రాయించుకోండి. కార్బన్ ఫైబర్, ఎపాక్సీతో హల్ చేస్తే బరువు తగ్గుతుంది, ఆ డబ్బుకు ఫలితం ఉంది. పెయింటుకు పోసిన డబ్బు వేగంలో కనిపించదు. టాప్ స్పీడు అంకె కూడా ఇద్దరు మనుషులు, కొంచెం పెట్రోలుతో తీసినదై ఉండొచ్చు. ట్యాంకు నిండా పెట్రోలు, ఎనిమిది మందితో, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ తీసిన జీపీఎస్ లాగ్ పంపమనండి.

బంకులో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు. అవుట్‌బోర్డ్ (బోటు వెనక బయట బిగించే) ఇంజిన్ల మాన్యువళ్లు మామూలుగా 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ తేమను లాగుతుంది, వాడకుండా ఉంచిన ట్యాంకులో నీళ్లతో కలిసి అడుగుకు దిగుతుంది. ఏ పెట్రోలు వాడితే వారంటీ ఉంటుందో బిల్డరు నుంచి రాతలో తీసుకోండి, ఇది ధర కన్నా ముందు తేలాలి.

ఫిషింగ్ హార్బర్ పరిసరాల్లో తేలే నైలాన్ వల ముక్కలు ఇంకో తలనొప్పి. దారం ప్రొపెల్లర్ షాఫ్టుకు చుట్టుకుని ఆయిల్ సీల్‌ను కోసేస్తుంది, గేర్ కేసులోకి ఉప్పు నీరు పోతుంది. గేర్ కేసు కింది స్క్రూ కొంచెం వదులు చేస్తే బయటికొచ్చే ఆయిల్ పాలలా తెల్లగా ఉందంటే ఆ రోజు బోటు తీయొద్దు. ప్రొపెల్లర్ ఊడదీసి షాఫ్టు చూడటం వారం వారం చేయాల్సిన పని.

పన్ను కూడా లెక్కేసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి విహార పడవల మీద జీఎస్టీ 40 శాతం, దిగుమతి సుంకం దానికి వేరు. పర్మిట్ల విషయం మారిటైమ్ బోర్డులో అడిగాకే అడ్వాన్స్ కట్టండి. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు, ఎక్కడ తిరగొచ్చో ఎక్కడ తిరగకూడదో ముందే తెలియాలి.

ప్రశ్న: మా ఫోన్‌కు ఐపీ68 (నీళ్లు, దుమ్ము తట్టుకునే రేటింగ్) ఉంది. ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి తీసుకెళ్లొచ్చా?
– ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: వద్దమ్మా. ఆ రేటింగ్ పరీక్ష మంచినీళ్లలో చేస్తారు. ఉప్పు నీరు చార్జింగ్ పోర్టును తినేస్తుంది, నీళ్ల వల్ల పాడైతే వారంటీ సాధారణంగా ఉండదు. ఎప్పుడైనా తడిస్తే మంచినీళ్లతో నెమ్మదిగా కడిగి, పూర్తిగా ఆరేదాకా చార్జింగ్ పెట్టకు.